సామ్ ఎన్టిరో: కిలిమంజారో పల్లె జీవనాన్ని చిత్రించిన టాంజానియా చిత్రకారుడు

సామ్ జోసెఫ్ ఎన్టిరో (1923–1993) టాంజానియాకు చెందిన చిత్రకారుడు, కళాబోధకుడు, దౌత్యవేత్త. తూర్పు ఆఫ్రికాలో కళాశాల స్థాయి శిక్షణ పొందిన తొలితరం ఆధునిక చిత్రకారులలో ఆయన ఒకరు. కిలిమంజారో పర్వతపు దక్షిణ వాలులో నివసించే చగ్గా ప్రజల పల్లె జీవనమే ఆయన కళకు ప్రధాన వస్తువు. అరటి తోటలు, పొలం పనులు, నీటి కాలువలు, పశువులు, పెళ్లి వేడుకలు, ఊరి సమావేశాలు ఆయన కాన్వాసులపై మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. స్వతంత్ర టాంగన్యీకా తరఫున లండన్‌లో తొలి హైకమిషనర్‌గా పనిచేసిన వ్యక్తిగా ఆ దేశ రాజకీయ చరిత్రలోనూ ఆయనకు స్థానముంది.

ఎన్టిరో చిత్రాలు చూడడానికి అతి సరళంగా ఉంటాయి. మనుషుల ముఖాలలో వివరాలు తక్కువ, నీడలు తక్కువ, దగ్గర దూరాల భేదమూ తక్కువే. ఈ కారణంగా కొందరు విమర్శకులు ఆయనను అమాయక శైలి చిత్రకారుల జాబితాలో చేర్చారు. అయితే ఆయన లండన్‌లోని సుప్రసిద్ధ స్లేడ్ కళాపాఠశాలలో చదివినవాడు. ఐరోపా చిత్రకళా పద్ధతులు తెలిసి కూడా వాటిని తన ప్రధాన మార్గంగా స్వీకరించలేదు. అందువల్ల ఆ సరళతను శిక్షణాలోపంగా కాక, ఎంచుకున్న మార్గంగా చూడవలసి ఉంటుంది.

పుట్టిన నేల

ఎన్టిరో కిలిమంజారో ప్రాంతంలోని మాచమేకు చెందినవాడు. ఆయన పుట్టేనాటికి టాంగన్యీకా బ్రిటిష్ పాలనలో ఉంది. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు అది జర్మన్ తూర్పు ఆఫ్రికాలో భాగం. జర్మన్ లూథరన్ మిషనరీల ప్రభావం మాచమేలో బలంగా ఉండేది. చర్చి, బడి, కాఫీ సాగు ఆ వాలులోకి దాదాపు ఒకే కాలంలో ప్రవేశించాయి.

చగ్గా పల్లె మన గ్రామాలవలె ఇళ్లన్నీ ఒకచోట కూడిన ఊరు కాదు. ప్రతి కుటుంబం తన అరటి తోట నడుమనే ఇల్లు కట్టుకుంటుంది. ఈ ఇంటితోటను 'కిహాంబా' అంటారు. పైన నీడనిచ్చే పెద్ద చెట్లు, వాటి కింద అరటి, దాని కింద కాఫీ మొక్కలు, దుంపలు, కూరగాయలు ఉంటాయి. పశువులను ఇంటివద్దనే కట్టి మేపుతారు. వాటికి కావలసిన గడ్డిని స్త్రీలు దిగువ మైదానాల నుంచి మోపులుగా కట్టి తలపై మోసుకువస్తారు. పశువుల ఎరువు తిరిగి అరటి పాదులకే చేరుతుంది.

5,895 మీటర్ల ఎత్తైన ఆ పర్వతం నుంచి దిగివచ్చే నీటిని చగ్గా ప్రజలు శతాబ్దాలుగా మట్టి కాలువల ద్వారా తోటలకు మళ్లించుకున్నారు. కాలువ తవ్వడం, ఏటా పూడిక తీయడం, వంతుల ప్రకారం నీరు పంచుకోవడం ఒక్క కుటుంబంతో అయ్యే పనులు కావు. వాటికి ఊరంతా కలిసిరావాలి. పని ముగిశాక అందరూ కూర్చుని 'ంబెగే' అనే బీరు తాగుతారు. మగ్గిన అరటిపండ్లను ఉడికించి, మొలకెత్తించిన రాగుల పిండి కలిపి, పులియబెట్టి దానిని తయారుచేస్తారు. పెళ్లి సంబంధం కుదుర్చుకోవడం మొదలు తగవు తీర్చుకోవడం వరకు ఏ సామాజిక కార్యమైనా ంబెగే లేకుండా జరగదు. ఎన్టిరో చిత్రాలలో కుండలు, సొరకాయ బుర్రలు అంత తరచుగా కనిపించడానికి కారణం ఇదే.

మకెరెరేలో శిక్షణ

1940ల మధ్యకాలంలో ఎన్టిరో ఉగాండాలోని కంపాలాకు వెళ్లి మకెరెరే కళాశాలలో చిత్రకళ అభ్యసించాడు. 1922లో సాంకేతిక పాఠశాలగా ప్రారంభమైన మకెరెరే అప్పటికి తూర్పు ఆఫ్రికా అంతటికీ ఉన్నత విద్యాకేంద్రంగా ఎదిగింది. తరువాతి కాలంలో టాంజానియా తొలి అధ్యక్షుడైన జూలియస్ న్యెరేరే కూడా 1940లలో అక్కడే చదివాడు.

అక్కడ కళావిభాగానికి పునాది వేసినది మార్గరెట్ ట్రోవెల్ అనే బ్రిటిష్ కళాకారిణి. 1930ల చివరలో ఆమె తన ఇంటి వరండాలో అనధికారికంగా తరగతులు ప్రారంభించింది. అవే క్రమంగా కళాశాల పాఠ్యక్రమంలో చేరి, కాలక్రమంలో ఆమె పేరుతోనే ప్రసిద్ధమైన కళాపాఠశాలగా రూపొందాయి. శిల్పి గ్రెగరీ మలోబా, చిత్రకారుడు ఎలీమో న్జావు వంటివారు ఆ పాఠశాల నుంచే వచ్చారు. న్జావు కూడా కిలిమంజారో వాలుకు చెందినవాడే.

ట్రోవెల్ బోధనాపద్ధతి ఎన్టిరో శైలిని అర్థం చేసుకోవడానికి కీలకం. లండన్‌లో మారియన్ రిచర్డ్‌సన్ అనే విద్యావేత్త వద్ద ఆమె నేర్చుకున్న విధానం అది. ఆ పద్ధతిలో ఉపాధ్యాయురాలు విద్యార్థుల ముందు వస్తువును ఉంచి గీయమనదు. ఒక సంత, ఒక వాన, ఒక పెళ్లి ఊరేగింపు వంటి దృశ్యాన్ని మాటలలో వర్ణిస్తుంది. విద్యార్థి కళ్లు మూసుకుని దానిని మనసులో చూసి, ఆ మనోచిత్రాన్ని కాగితంపైకి తెస్తాడు. ఐరోపా చిత్రాలకు నకళ్లు తీయడాన్ని ట్రోవెల్ ప్రోత్సహించలేదు. ఆఫ్రికా విద్యార్థి తన పరిసరాల నుంచి, తన జనుల కథల నుంచి, చేతిపనుల నుంచి కళను నిర్మించుకోవాలన్నది ఆమె ఆశయం.

ఈ పద్ధతి ఎన్టిరోకు సరిగ్గా కుదిరింది. కంపాలాలో కూర్చుని వందల కిలోమీటర్ల దూరంలోని మాచమేను ఆయన జ్ఞాపకం నుంచి చిత్రించాడు. జ్ఞాపకంలో నీడలు పడే కోణాలు నిలవవు. ఎవరెవరు కలిసి ఏ పని చేశారో నిలుస్తుంది. ఆయన చిత్రాల నిర్మాణం ఈ స్మృతి స్వభావానికి దగ్గరగా ఉంటుంది. చదువు ముగిశాక ఆయన అదే సంస్థలో బోధకుడయ్యాడు.

లండన్ అనుభవం

1950ల తొలి అర్ధభాగంలో ఎన్టిరో ఉన్నత శిక్షణ కోసం లండన్‌లోని స్లేడ్ కళాపాఠశాలకు వెళ్లాడు. అప్పటి స్లేడ్ అధిపతి విలియం కోల్డ్‌స్ట్రీమ్. ఎదుట ఉన్న మనిషిని లేదా వస్తువును కంటితో కొలిచి, ఒక్కొక్క బిందువు స్థానాన్ని నిర్ధారించుకుంటూ చిత్రించడం కోల్డ్‌స్ట్రీమ్ ప్రసిద్ధ పద్ధతి. ట్రోవెల్ పద్ధతికి ఇది పూర్తిగా వ్యతిరేక ధ్రువం. ఒకటి కళ్లు మూసి చూడమంటే, మరొకటి కళ్లు తెరిచి కొలవమంటుంది.

స్లేడ్ నుంచి వచ్చాక కూడా ఎన్టిరో తన పూర్వశైలిని విడిచిపెట్టలేదు. లండన్ వీధులు, నమూనా మనుషులు, స్టూడియో దృశ్యాలు ఆయన ప్రధాన వస్తువులు కాలేదు. చగ్గా పల్లెనే, దాదాపు అదే రీతిలో, మరింత పట్టుతో చిత్రించాడు. ఆయనకు అత్యధిక గుర్తింపు తెచ్చిన చిత్రం ఈ శిక్షణ తరువాతి కాలానిదే.

చిత్రకారుడిగా పనిచేస్తూనే ఎన్టిరో చగ్గా ఆచారాలపై స్వాహిలీ భాషలో 'దెస్తురి జా వాచగ్గా' అనే పుస్తకం రాశాడు. ఆ శీర్షికకు 'చగ్గా జనుల ఆచారాలు' అని అర్థం. స్వాహిలీలోని 'దెస్తురి', తెలుగులోని 'దస్తూరు' రెండూ పారశీక మూలానికి చెందిన మాటలే కావడం విశేషం. ఈ పుస్తక రచన ఆయన చిత్రాలను మరో కోణంలో చూపుతుంది. ఆయన గీసినవి కేవలం అందమైన గ్రామదృశ్యాలు కావు. ఏ పనిని ఎవరు చేస్తారు, ఏ వేడుకకు ఏది మోసుకువెళ్తారు, ఏ సందర్భంలో ఎవరు కూడుతారు అన్న సామాజిక వివరాల నమోదు కూడా.

శైలీ లక్షణాలు

ఎన్టిరో చిత్రాలలో ప్రధానంగా నాలుగు లక్షణాలు కనిపిస్తాయి.

మొదటిది సమూహం. ఆయన చిత్రాలలో ఏకవ్యక్తి రూపచిత్రాలకు ప్రాధాన్యం లేదు. మనుషులు గుంపులుగా, వరుసలుగా ఉంటారు. ముఖకవళికలను బట్టి కాక, వంగిన నడుము, ఎత్తిన పార, తలపై మోపు వంటి శరీర భంగిమలను బట్టి వారిని గుర్తించాలి. ఒకే భంగిమ పలుమార్లు పునరావృతమై చిత్రానికి లయనిస్తుంది. కలిసి పని చేసేవారి లయ అది.

రెండవది ప్రకృతి పరిమాణం. కొండలు, చెట్లు, అరటి ఆకులు చిత్రతలంలో అధికభాగాన్ని ఆక్రమిస్తాయి. వాటి నడుమ మనుషులు చిన్నగా ఉంటారు. అయినా అడవిలో తప్పిపోయినట్లు అనిపించరు. ఆ తోట వారు పెంచినదే, ఆ కాలువ వారు తవ్వినదే కాబట్టి మనిషికీ నేలకూ మధ్య వైరం కనిపించదు.

మూడవది దృశ్యపు అమరిక. దూరం పెరిగేకొద్దీ వస్తువు చిన్నదయ్యే పర్‌స్పెక్టివ్ సూత్రాన్ని ఆయన ఖచ్చితంగా పాటించలేదు. వాలు నేలను చూపరి వైపు కొంత ఎత్తిపట్టినట్లు చిత్రించి, దూరంగా ఉన్నవాటిని దగ్గరివాటి పైన అమర్చాడు. ఇందువల్ల వెనుక ఉన్నవారు ముందున్నవారి చాటున పడరు. ఊరిలో జరుగుతున్న పనులన్నీ ఏకకాలంలో కనిపిస్తాయి.

నాలుగవది రంగు. ఆకుపచ్చ, మట్టి గోధుమ, నీలి వర్ణాల విస్తారమైన చదును ప్రదేశాలపై దుస్తుల వర్ణాలు స్పష్టంగా నిలుస్తాయి. వెలుగునీడల మార్పులకన్నా రంగుకూ రంగుకూ మధ్య ఉన్న సరిహద్దే ఆయనకు ముఖ్యం.

న్యూయార్క్ చేరిన చిత్రం

ఎన్టిరో కృతులలో అత్యంత ప్రసిద్ధమైనది 1956లో తైలవర్ణాలతో చిత్రించిన 'రాత్రివేళ పెళ్లికూతురికి అరటి బీరు తీసుకువెళ్తున్న పురుషులు'. న్యూయార్క్‌లోని ఆధునిక కళా సంగ్రహాలయం 1960లో దీనిని తన సేకరణలో చేర్చుకుంది. సమకాలీన ఆఫ్రికా చిత్రకారుల కృతులు ఆ సంగ్రహాలయంలో అతి అరుదుగా ఉన్న కాలమది. కాన్వాస్ పరిమాణం చిన్నదే: సుమారు 41 సెంటీమీటర్ల ఎత్తు, 51 సెంటీమీటర్ల వెడల్పు.

చిత్రవస్తువు చగ్గా వివాహ సంప్రదాయానికి సంబంధించినది. వరుని తరఫు వారు వధువు ఇంటికి పలు దశలలో బీరు పంపడం ఆ సంప్రదాయంలో భాగం. ఆ బీరును అందుకోవడమంటే సంబంధాన్ని అంగీకరించడమే. కాబట్టి ఆ కుండలలో ఉన్నది పానీయం మాత్రమే కాదు, రెండు వంశాల మధ్య కుదిరిన మాట కూడా. ఈ విషయం తెలియని ప్రేక్షకుడికి అది రాత్రివేళ నడిచే మనుషుల దృశ్యంగా కనిపించవచ్చు. తెలిసినవారికి అది ఒక ఒప్పందం సాక్షుల సమక్షంలో అమలవుతున్న ఘట్టం. ఎన్టిరో తన చిత్రాలకు ఇటువంటి వివరణాత్మక శీర్షికలు పెట్టడంలోని ఔచిత్యం ఇక్కడ తెలుస్తుంది.

అమెరికాలో ఆయన పేరు వ్యాపించడానికి హార్మన్ ఫౌండేషన్ తోడ్పడింది. ఆఫ్రికన్ అమెరికన్ కళాకారులను దశాబ్దాలపాటు ప్రోత్సహించిన ఈ సంస్థ, తరువాతి కాలంలో ఆఫ్రికా ఖండపు ఆధునిక కళాకారుల కృతులను అమెరికా ప్రేక్షకులకు పరిచయం చేసింది.

దౌత్యవేత్తగా, అధికారిగా

1961 డిసెంబరు 9న టాంగన్యీకా స్వాతంత్ర్యం పొందింది. కొత్త ప్రభుత్వం ఎన్టిరోను లండన్‌లో తన తొలి హైకమిషనర్‌గా నియమించింది. కొన్నేళ్ల క్రితం విద్యార్థిగా ఉన్న నగరానికి ఆయన స్వతంత్ర దేశపు ప్రతినిధిగా తిరిగివెళ్లాడు. 1964 వరకు ఆ బాధ్యతలో కొనసాగాడు. అదే ఏడాది టాంగన్యీకా, జాంజిబార్ విలీనమై టాంజానియా ఏర్పడింది.

స్వదేశానికి వచ్చాక ఆయన ప్రభుత్వ సాంస్కృతిక వ్యవహారాల కమిషనర్‌గా పనిచేశాడు. జాతీయ సంస్కృతికి ప్రత్యేక మంత్రిత్వశాఖ నెలకొల్పుతున్నట్లు న్యెరేరే 1962లోనే ప్రకటించాడు. వలసపాలనలో చిన్నచూపుకు గురైన నృత్యం, సంగీతం, చేతిపనులు, ఆచారాలకు గౌరవస్థానం కల్పించడం ఆ శాఖ లక్ష్యం. చగ్గా ఆచారాలను కుంచెతోనూ కలంతోనూ నమోదుచేసిన ఎన్టిరో ఆ బాధ్యతకు తగిన వ్యక్తి. తరువాతి దశలో ఆయన దార్ ఎస్ సలామ్ విశ్వవిద్యాలయంలో కళాబోధన చేశాడు.

ఆయన సతీమణి సారా న్యెండ్వోహా ఎన్టిరో ఉగాండా విద్యారంగంలో ప్రముఖురాలు. ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్ర అభ్యసించి 1954లో పట్టా పొందిన ఆమెను తూర్పు, మధ్య ఆఫ్రికా ప్రాంతాల తొలి మహిళా పట్టభద్రురాలిగా పేర్కొంటారు. పురుష ఉపాధ్యాయులకన్నా తక్కువ జీతం ఇవ్వడాన్ని నిరసిస్తూ ఆమె తన జీతాన్ని నిరాకరించడం ఆ దేశ మహిళా హక్కుల చరిత్రలో ప్రసిద్ధ ఘట్టం. వీరి వివాహం 1958లో జరిగింది.

విమర్శలు, సమాధానాలు

ఎన్టిరో కళపై వచ్చిన విమర్శలు స్థూలంగా రెండు.

మొదటిది, ఆ శైలి నిజంగా ఎవరిదన్న ప్రశ్న. ఆఫ్రికా విద్యార్థి ఐరోపా పద్ధతుల జోలికి పోకూడదన్న ట్రోవెల్ అభిప్రాయంలో సదుద్దేశంతోపాటు ఒక వలసపాలక ధోరణి కూడా ఉందని తరువాతి పరిశీలకులు భావించారు. విద్యార్థి సహజత్వాన్ని కాపాడే పేరుతో అతనికి అందవలసిన విద్యను కొంత నిలిపివేయడమే ఇదని వారి వాదన. 1958లో ట్రోవెల్ పదవీవిరమణ చేశాక మకెరెరే కళావిభాగ బాధ్యతలు చేపట్టిన సెసిల్ టాడ్ పాఠ్యక్రమాన్ని మార్చాడు. పాశ్చాత్య కళాచరిత్ర, వర్ణసిద్ధాంతం, ఆధునిక కళాధోరణులకు అందులో చోటు కల్పించాడు. తరువాతి తరం విద్యార్థులు వేరే దారులు తొక్కారు. అయితే ఎన్టిరో విషయంలో ఈ విమర్శ పూర్తిగా వర్తించదు. ట్రోవెల్ దూరంగా ఉంచినవి స్లేడ్‌లో ఆయనకు లభించాయి. వాటిని చూసి, అభ్యసించి, తన వస్తువుకు అవసరం లేదని పక్కనపెట్టాడు. గురువు చూపిన దారిలోనే ఆయన కొనసాగినా, ఆ కొనసాగింపు ఆయన సొంత నిర్ణయం.

రెండవది మరింత బలమైన విమర్శ. ఆయన పల్లెలో కష్టం ఉంది గాని కలహం లేదు. వలసపాలన కాలంలో కిలిమంజారో ప్రాంతం ప్రశాంతమైన నేలేమీ కాదు. జనాభా పెరిగి కిహాంబా భూములు చీలిపోతున్నాయి. కాఫీ అమ్మకాలపై హక్కుల కోసం రైతులు సంఘటితమై 1933లో కిలిమంజారో నేటివ్ కోఆపరేటివ్ యూనియన్‌ను ఏర్పరచుకున్నారు. పొరుగునే ఉన్న మేరు పర్వత ప్రాంతంలో 1951లో ఐరోపా వలసదారుల కోసం ప్రభుత్వం స్థానికులను భూముల నుంచి ఖాళీ చేయించగా, ఆ వివాదం ఐక్యరాజ్య సమితి వరకు వెళ్లింది. ఇంతటి సంఘర్షణ ఎన్టిరో ప్రసిద్ధ చిత్రాలలో ప్రత్యక్షంగా కనిపించదు.

ఈ లోపాన్ని తోసిపుచ్చలేము. కానీ ఆ చిత్రాలలో ఏది ఉన్నదో కూడా గమనించాలి.  ఎన్టిరో చూపిన మనుషులు ఎవరి ఆజ్ఞకోసమూ ఎదురుచూడరు. తమ నీటిని తామే పంచుకుంటారు, తమ పనిని తామే విభజించుకుంటారు, తమ తగవులను తామే కూర్చుని మాట్లాడుకుంటారు. స్వయంపాలనకు ఆఫ్రికన్లు ఇంకా సిద్ధంగా లేరన్న వాదన బలంగా వినిపించిన 1950లలో ఈ దృశ్యాలకు రాజకీయార్థం లేదనలేము.

న్యెరేరే 1962లో ప్రతిపాదించి, 1967 నాటి అరుషా ప్రకటనతో జాతీయ విధానంగా మార్చిన 'ఉజమా' సిద్ధాంతం కూడా సంప్రదాయ గ్రామాల సహకార జీవనాన్నే ఆదర్శంగా చూపింది. 1970లలో ఆ విధానం లక్షలాది ప్రజలను నిర్బంధంగా కొత్త గ్రామాలకు తరలించే స్థాయికి చేరింది. ఎన్టిరో చిత్రించిన సామూహిక శ్రమ అందుకు భిన్నమైనది. అది ప్రభుత్వ ఉత్తర్వుతో కాక, బంధుత్వం, ఇరుగుపొరుగు బాధ్యత, పని ముగింపున పంచుకునే పానీయం ఆధారంగా నడిచింది.

కళాచరిత్రలో స్థానం

టాంజానియా చిత్రకళ అనగానే నేడు ఎక్కువమందికి గుర్తుకువచ్చేది టింగాటింగా శైలి. ఎడ్వర్డ్ సయిదీ టింగాటింగా 1960ల చివరలో దార్ ఎస్ సలామ్‌లో ప్రారంభించిన ఈ శైలిలో, సైకిళ్లకు వేసే ఎనామిల్ రంగులతో హార్డ్‌బోర్డు పలకలపై జంతువులు, పక్షుల బొమ్మలు వేస్తారు. పర్యాటకుల ఆదరణతో అది ప్రపంచమంతటా వ్యాపించింది. విశ్వవిద్యాలయ శిక్షణతో వచ్చిన ఎన్టిరో కళకు అంతటి జనాదరణ లభించలేదు. రెండింటిలోనూ చదునైన రంగులు, సరళమైన ఆకారాలు ఉన్నా, వాటి మూలాలు వేరు. ఎన్టిరో చిత్రాలు సంతలో అమ్మకానికి పుట్టినవి కావు. తన వారి జీవనక్రమాన్ని నమోదుచేయాలన్న సంకల్పంతో పుట్టినవి.

నేడు కిలిమంజారో వాలులో పరిస్థితులు మారాయి. భూమి మరింత చీలిపోయింది, యువత పట్టణాలకు తరలిపోతోంది, అనేక పాత కాలువలు పూడిపోయాయి. కాలువల పూడికతీత, గడ్డి మోపుల మోత, రాత్రివేళ బీరు కుండలతో సాగే పెళ్లి నడక ఎలా ఉండేవో తెలుసుకోదలచినవారికి ఆ పనుల మధ్య పెరిగిన వ్యక్తి గీసిన చిత్రాలు విలువైన ఆధారం. చిత్రకారుడిగా, ఆచారాల రచయితగా, సాంస్కృతిక అధికారిగా ఎన్టిరో వేర్వేరు పదవులలో చేసినది ఒక్కటే పని. ఊరు తనను తాను ఎలా నడుపుకునేదో మరుగున పడకుండా చూడడమే ఆ పని.